పసుపు పూసిన పేరు

ఆ రాత్రి పీలమేడు ఆఫీసులో లోకేశ్వరి ఒక్కతే మిగిలింది. కులదైవం పండుగకని తమ వంశంలోని పేర్లన్నీ వరసగా పెట్టి వెబ్‌పేజీ చేస్తోంది. మౌస్ ఏ పేరు మీదికి పోతే ఆ పేరు వెనక తెలుపు మెల్లగా పసుపవుతుంది, పిలుపు పత్రికకు పసుపు పూసినట్టు. మౌస్ తీస్తే మళ్లీ తెలుపే.

"పసుపు పూసి పిలిచినాక రానంటే కుదరదు, కణ్ణూ," అనేది అవ్వ కాంతమ్మాళ్. ఆమె పోయి ఏడాదయింది.

పని ముగించి లోకేశ్వరి మౌస్ వైరు పీకి సంచిలో వేసుకుంది. ఫ్యాను ఆపింది. గది చప్పున సద్దుమణిగింది. తెర ఆపబోతే, అవ్వ పేరు పసుపుగా ఉంది.

చూస్తుండగానే అది తెల్లబడింది. దాని కింద అమ్మ పేరు పసుపయింది, మెల్లగా తెల్లబడింది. ఆ కింద లోకేశ్వరి పేరు పసుపయింది.

ఆమె కదలకుండా చాలాసేపు చూసింది. అది తెల్లబడలేదు.