తలుపేసుకుని మాట్లాడే ఫోను

"ఆ ఫోను ఇలా ఇవ్వు," అంది అత్తగారు చెయ్యి చాపి.

కోడలు ఇవ్వలేదు. ఇటుకంత మందంగా ఉన్న ఆ నల్ల ఫోనును వీపు వెనక్కి తీసుకుంది. భర్త పేపరులో తల దూర్చి, తానసలు గదిలోనే లేనట్టు కూర్చున్నాడు.

"ఆఫీసు పని, అత్తయ్యా."

"నేనూ జన్మంతా గవర్నమెంటులో టైపు కొట్టినదాన్నే. తలుపేసుకుని మాట్లాడమని ఏ ఆఫీసూ చెప్పలేదు. ఎవడు వాడు?"

ఇంట్లోవాళ్ళ లెక్కలో కోడలు రికార్డుల సెక్షన్లో గుమాస్తా. నిజానికి ప్రభుత్వ రహస్యాలు ఆ ఫోనులోనే నడుస్తాయి. దారిలో ఎవరు దొంగచాటుగా విన్నా గరగరే తప్ప మాట చిక్కదు. మాట్లాడుకునే ఇద్దరికీ కూడా అవతలి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. పేర్లు కూడా మారుపేర్లే. ఆమె పిచ్చుక, ఆమెకు ఆదేశాలిచ్చే అధికారి గుడ్లగూబ. ఆ గుడ్లగూబ ఆడో మగో కూడా ఆమెకు తెలియదు. కట్టుకున్నవాడికి చెప్పినా ఉద్యోగం ఊడుతుంది. ఎంతో కష్టపడి తెచ్చుకున్న ఆ ఉద్యోగాన్ని ఒకరి అనుమానానికి బలిపెట్టే ఉద్దేశం ఆమెకు ఏ కోశానా లేదు.

"మేడ మీద బట్టలు తెచ్చేలోపు ఫోను బల్ల మీదుండాలి. లేదంటే నీ పెట్టె గుమ్మంలో ఉండాలి," అని అత్తగారు బుట్ట చంకనెత్తుకుంది. మబ్బు పట్టినా సరే, ఆవిడకు బట్టలు మేడ మీదే ఆరాలి. రోజుకెన్నిసార్లు ఎక్కి దిగుతుందో లెక్కే లేదు.

ఒక్కసారి చూపించేస్తే పోయేదానికి ఇంత మొండితనం దేనికని భర్త బతిమాలాడు. ఆమె నాలుగు జతల బట్టలు కుక్కి పెట్టెను గుమ్మంలో పెట్టింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎవరైనా ఫోను అడిగితే వెంటనే గుడ్లగూబకు చెప్పాలన్నది నియమం.

చాలాసేపు మోగాక గానీ గుడ్లగూబ పలకలేదు.

"ఎవరడిగారు?"

"మా అత్తగారు. మేడ దిగొచ్చేలోపు ఇవ్వకపోతే ఇల్లు వదలమంది. ఒట్టి గయ్యాళి."

అవతల పొడిదగ్గు వినిపించింది.

"అంత గయ్యాళా?"

"మీకు తెలియదులెండి."

"అయినా ఇవ్వకండి. కళ్ళలోకి చూసి ఇవ్వనని చెప్పండి."

"ఇల్లు పోతే?"

"ఇల్లెక్కడికీ పోదు," అని గుడ్లగూబ పెట్టేసింది.

ఊరికే ఓదార్చడానికి అన్న మాటేనని తెలిసినా, కోడలికి ధైర్యం వచ్చింది. అత్తగారు మెట్లు దిగేసరికి గుమ్మంలో పెట్టె పక్కనే నిలబడి ఉంది.

"ఫోనేదీ?"

"ఇవ్వను, అత్తయ్యా. పొమ్మంటే పోతాను. ఫోను మాత్రం ఇవ్వను."

భర్త చేతిలో పేపరు జారిపోయింది. అత్తగారు కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. చంకలో బుట్ట ఖాళీగానే ఉంది. గొంతెండిపోతోంది, మంచినీళ్ళు పట్రారా అని కొడుకును వంటింట్లోకి తోలింది. తర్వాత కోడలి చెవి దగ్గరకు వంగింది.

"పెట్టె లోపల పెట్టుకో, పిచ్చుకా."