బ్రేకు తొక్కిన కాలు

"కారు నడిపింది నేనే" అంది కూతురు.

"దాని మాటలు పట్టించుకోకండి డాక్టరు గారూ. నడిపింది నేను" అన్నాడు తండ్రి, స్ట్రెచర్ మీద పళ్ళు బిగబట్టి.

తలుపు దగ్గర నిలబడ్డ పోలీసాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కారు ఒక సైకిలు మనిషిని గుద్ది, ఆ ఊపులో గోడకు కొట్టుకుంది. ఆ మనిషికి ఇంకా స్పృహ రాలేదు. కూతురికి లైసెన్సు లేదు.

"అతనికేమైనా అయితే నడిపినవాళ్ళకు జైలు తప్పదు. ఇద్దరూ ఒక మాట మీదకు రండి" అన్నాడు పోలీసాయన.

"మీ పంచాయితీ తర్వాత. ముందు కాలు దక్కాలి" అంది ఎముకల డాక్టరు.

ఆస్పత్రి మొత్తాన్నీ హడలగొట్టే మనిషి ఆవిడ. నోళ్ళు చెప్పేది నమ్మదు. ఎముక చెప్పిందే నమ్ముతుంది. ఎప్పుడూ పొరపడలేదని కాస్త గర్వం కూడా ఉంది.

తండ్రి కుడి పాదం లోపలికి తిరిగిపోయి ఉంది. చీలమండ దగ్గర చర్మం సాగి తెల్లబడింది. డాక్టరు పాదం మీద వేళ్ళు ఆనించి నాడి వెతికింది. సన్నగా తగిలింది. ఎక్స్‌రే చూసి పెదవి విరిచింది. చీలమండ లోపలి ఎముక విరిగింది, కీలు కూడా తప్పింది. ఆలస్యమైతే రక్తం అందక ఆ ఎముక చచ్చుబడిపోతుంది. ఇక జన్మంతా కుంటడమే.

మత్తు ఇచ్చారు. నర్సు మోకాలు మడిచి పట్టుకుంది. డాక్టరు మడమ పట్టి లాగుతూ, బొటనవేలితో ఎముకను లోపలికి నొక్కింది. టక్కుమంది. తెల్లబడ్డ చర్మం మెల్లగా మామూలు రంగుకు వచ్చింది. పిండికట్టు వేస్తూ, రేపు ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించాలని చెప్పింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నువ్వే నడిపితే, బ్రేకు వేశావా?"

"ఏమో మేడమ్... సైకిలు అడ్డం వచ్చేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు" అంది కూతురు వెక్కుతూ.

పాపం, ఈ పిల్లకు అబద్ధమాడటం కూడా చేతకాదు అనుకుంది డాక్టరు. ఎక్స్‌రే అందుకుని పోలీసాయనకు చూపించింది.

"గుద్దేస్తామన్న భయంతో కాలు బిగబట్టి బలంకొద్దీ తొక్కితే ఈ ఎముక ఇలా విరుగుతుంది. అమ్మాయి పాదాలు చూశాను, గీత కూడా పడలేదు. ఇంకా ఎవరు నడిపారని అడుగుతారేంటి?"

పోలీసాయన రాసుకుని వెళ్ళిపోయాడు. మత్తు దిగుతున్న తండ్రి ఆ మాటలు విని తేలికపడి కళ్ళు మూసుకున్నాడు. "వద్దు నాన్నా" అంటూ కూతురు మంచం పట్టుకుని ఏడ్చింది.

"నాన్నంటే ప్రాణమే, ఒప్పుకుంటాను. కానీ ఎముక అబద్ధం చెప్పదు తల్లీ" అని డాక్టరు ఆమె భుజం తట్టింది. జాలితోనే తట్టింది.

అంతలో తల్లి పరుగున వచ్చింది. భర్త కాలికున్న కట్టు చూసి మంచం దగ్గరకు వచ్చింది.

"కంగారు పడకండి, కాలు దక్కింది. బ్రేకు గట్టిగా తొక్కేసరికి విరిగింది, అంతే" అంది డాక్టరు.

తల్లి పిండికట్టు మీద చెయ్యి వేసి భోరుమంది. "నేను కారు నేర్చుకున్న రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదండీ, పక్క సీట్లో బ్రేకు ఉండదు, ఊరికే తొక్కకండీ అని!"