అడిగితే కాదనరు

"ఇంటి రేకుల మీద సోలార్ పలకలు బిగించడానికి ఎంతన్నాడు బావా?" యంగోనా వేరు కషాయం పోసిన కొబ్బరి చిప్ప అందిస్తూ అడిగాడు విలికేసా.

అపిసాయ్ ఆనవాయితీగా ఒకసారి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని గటగటా తాగేశాడు. "పద్నాలుగు వేల డాలర్లు. సువా పట్నం నుంచి పడవ కిరాయి కూడా మనదేనట."

"ఓరి నాయనో! నీ తోటంతా పీకి అమ్మితే వచ్చింది రెండు వేలేగా!"

"అదీ మిగల్లేదుగా."

విలికేసా పకపకా నవ్వాడు. మేనత్త కొడుకు మరి. వరసైన బావలు ఎంత ఎగతాళి చేసుకున్నా ఆ దీవిలో తప్పు లేదు.

అపిసాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. పొద్దున పడవలో కూతురు లిటియాకి షుగరు సూదిమందు వచ్చింది, మూడు నెలలకు సరిపడా. నర్సమ్మ దగ్గరి ఫ్రిజ్ చెడిపోయి నెలయింది. ఇంట్లో బుల్లి ఫ్రిజ్ ఒకటుంది గానీ దానికి కరెంటేదీ? మందుతో వచ్చిన ఐసు సాయంత్రానికల్లా నీళ్ళయిపోతుంది. చల్లదనం లేకపోతే ఆ మందు నెల దాటి పనికిరాదు, మళ్ళీ మందొచ్చేది మూడు నెలలకి. తొమ్మిదేళ్ళ పిల్ల!

ఇందాకటి నుంచి మూడుసార్లు ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. అయినవాళ్ళు 'కెరెకెరె' అని ఏదైనా అడిగితే కాదనేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. కానీ అడగడానికి నోరు రావాలి కదా!

"బావా, కెరెకెరె," అన్నాడు చివరికి తల వంచుకుని. "ఆ సోలార్ బ్యాటరీ పెట్టె... మడత పలకతో సహా. లిటియా మందు ఫ్రిజ్‌కి."

విలికేసా మొహంలో నవ్వు పోయింది. "అయ్యో, నిన్న రాకూడదటయ్యా! అవతలి దీవి నుంచి మా తోడల్లుడొచ్చాడు. కెరెకెరె అన్నాడు. పొద్దున పడవలో పట్టుకుపోయాడు."

మందు తెచ్చిన పడవే అది.

"ఇచ్చేశావా?"

"ఇవ్వక చస్తానా? నోరు తెరిచి అడిగాక లేదంటామా?"

"మళ్ళీ ఒకసారి కబురు పెట్టి..."

"అదేం మాట! ఇచ్చాక అది వాడిది. తిరిగిమ్మంటే మన పరువేం కాను? మన పద్ధతి నీకు తెలీదూ?"

"తెలుసు," అన్నాడు అపిసాయ్. "మధ్యాహ్నం దాటాక పలకని పడమటికి తిప్పాలని చెప్పావా? ఆ పక్క ప్లగ్గు కాస్త వదులు."

"చెప్పాలే! నాకంటే నీకే ఉంది దాని మీద బెంగ." విలికేసా నిజంగానే నొచ్చుకున్నాడు. లేచి లోపలికి వెళ్ళి, కర్రపెండలం మూట, రెండు చేపలూ తెచ్చి చేతిలో పెట్టాడు. "సువా వెళ్ళినప్పుడు అలాంటిదే ఇంకోటి చూడు బావా."

ఇంటి దగ్గర భార్య సలనియేతా మందు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. మూత సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమయ్యా, ఇచ్చాడా?"

"చేతులు మారిపోయింది."

"నువ్వేమని అడిగావు?"

"కెరెకెరె అన్నాను."

"కెరెకెరె అన్నావా? నువ్వా?" అంది. డబ్బాని పొట్టకి అదుముకుని భోరుమంది.

తోట పీకి అమ్మిన డబ్బుతో ఆ పెట్టె కొన్నది అపిసాయే. విలికేసా కెరెకెరె అన్నాడని ఇచ్చేశాడు.