బొట్టు పెట్టిన కంప్యూటర్

“గీ బొట్టు ఎవరు పెట్టిండ్రు?”

కంప్యూటర్ నెత్తిన ఎండిన కుంకుమను చూపిస్తూ అడిగాడు భూపాల్. కామారెడ్డిలో ఇంటి ముందు గదిలోనే కంప్యూటర్ దుకాణం నడుపుతాడు. ఎల్లారెడ్డికి రావడమంటే అడవిలోకి దిగినట్టే ఆయనకు.

“మా అత్తమ్మ పెట్టిందన్నా, మొన్న దసరాకు,” అంది పద్మలత.

“పనిముట్టుకు మొక్కకపోతే ఎట్ల కొడుకా?” అంది ముత్తవ్వ గడప అవతల నుంచి. “షెడ్డుల వెల్డింగు మిషిన్‌కు పెట్టిన, దీనికీ పెట్టిన.”

“మిషినూ కంప్యూటరూ ఒకటేనా అవ్వా? ఇది సైన్సు. మా ఇంట్ల గిసుంటియి నడువయ్.”

“మరి నీ సంచికి ఎర్రగ ఏందయ్యా?”

“ప్రింటర్ ఇంకు,” అన్నాడు భూపాల్ విసురుగా.

పద్మలత ట్రాక్టర్ ట్రాలీలకు డ్రాయింగులు గీస్తుంది. భర్త షెడ్డులో వాటిని తయారు చేస్తాడు. పది ట్రాలీల డ్రాయింగులు సాయంత్రం ఆరులోపు పంపకపోతే ఆర్డరు వేరేవాళ్లకు పోతుంది. గీసినవన్నీ కంప్యూటర్‌లోని డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లోనే చిక్కుకున్నాయి. దసరా ముందు రోజు భూపాలే వచ్చి దాన్ని ఎక్కించాడు. ఆయన పక్కనే ఉండగా ఆమె సాయంత్రం దాకా గీసుకుంది. పండుగకు ఇల్లు చేరే తొందరలో ఆయన తీగలూ పెన్ డ్రైవులూ సంచిలో కుక్కుకొని బస్సు పట్టుకున్నాడు. పండుగ అయ్యాక చూస్తే అది తెరుచుకోవడం లేదు.

భూపాల్ పాతది తీసేసి, విండోస్‌లో మళ్లీ ఎక్కించాడు. తెర మీద చిన్న డబ్బా వచ్చింది. చటుక్కున మూసేశాడు.

“అండ్ల ఏమో రాసిందన్నా.”

“గవన్నీ చదువుకుంట కూసుంటే పనైతదా మేడం? నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుడే.”

అలా చదవకుండా నొక్కి కామారెడ్డిలో సగం కంప్యూటర్లను తానే నడిపిస్తున్నానని ఆయన గొప్ప. సాఫ్ట్‌వేర్ మాత్రం నడవలేదు. ఇక పద్మలత లాప్‌టాప్ ముందేసుకున్నాడు.

“లినక్సా! ఎల్లారెడ్డికి లినక్స్ ఎందుకు మేడం?”

“డిప్లొమాల దాని మీదనే నేర్చుకున్న.”

“అందుకే గిట్ల ఏడ్చింది.”

అందులోనూ సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే అదే డబ్బా వచ్చింది. ఈసారి ఆయన మూసేలోపే పద్మలత చదివేసింది. “లైసెన్స్ కీ దొరుకుతలేదట!”

భూపాల్ చెయ్యి ఆగింది. కీ అంటే పెన్ డ్రైవ్ లాంటి చిన్న ముక్క. అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, విండోస్ అయినా, లినక్స్ అయినా.

“నేను గుచ్చిన కీ ఏది మరి?”

“నీ సంచిల చూడన్నా.”

“నా సంచిల ఏది ఏడుంటదో కండ్లు మూసుకొని చెప్త,” అంటూ సంచిని బల్ల మీద బోర్లించాడు. పెన్ డ్రైవులున్నాయి, స్క్రూ డ్రైవర్లున్నాయి. కీ లేదు. మెల్లగా ముత్తవ్వ వైపు తిరిగాడు.

“సమజైంది. పూజల పెట్టినవ్ గదా అవ్వా?”

“దేవుని మీద ఒట్టు కొడుకా, నేను ముట్టలే. బొట్టే పెట్టిన.”

భూపాల్ వినలేదు. బూట్లతోనే దేవుని గదిలోకి పోయి పటాల వెనకంతా తడిమాడు. కుంకుమ బరిణె బోర్లా పడింది. కీ దొరకలేదు.

పద్మలత గడియారం చూసింది. మూడుకు పావుగంట తక్కువ. “అత్తమ్మా, మంచిగ యాది చేసుకో. తీసి ఏడనన్న పారేసినవా?”

తొమ్మిదేళ్లలో కోడలు ఆ గొంతుతో ఎన్నడూ మాట్లాడలేదు. ముత్తవ్వ తడిగుడ్డ తెచ్చి, కంప్యూటర్ మీది బొట్టును తానే తుడవసాగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చదువు లేనోళ్లను కంప్యూటర్ కాడికి రానిస్తే గింతే మేడం,” అన్నాడు భూపాల్. “కొత్త కీ తెప్పియ్యాలె. వారం పడ్తది.”

“వారమా! ఆర్డరు పాయె,” అని పద్మలత కూలబడింది.

భూపాల్ కామారెడ్డిలోని భార్యకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు. “అనిలా, ఎల్లారెడ్డి మేడం వాళ్ల కీ నంబరు చూసి చెప్పు. కొత్తది తెప్పియ్యాలె. ఈడ పూజలు చేసి పోగొట్టిండ్రు.”

“కొత్తదెందుకు? ఎల్లారెడ్డి అని చీటీ అంటించిన నల్ల కీ మనింట్లనే ఉన్నది గదా. మూడు గంటల బస్సు డ్రైవర్‌కు ఇచ్చి పంపుత.”

తడిగుడ్డ ఆగింది. పద్మలత తలెత్తింది.

“మనింట్లనా? ఏడ?” అన్నాడు భూపాల్.

“దసరాకు మీరు బొట్టు పెట్టి మొక్కిన కాడనే.”