ఎడమ సగం

బారసాలకి వచ్చినవాళ్లు భోజనాల వైపు చూస్తున్నారు. పళ్లెంలో బియ్యం పరిచి ఉంది. గోడమీది తెర పాప పేరు కోసం కాచుకుని ఉంది. ఇప్పుడు ఏ దేశంలో పుట్టినా పేరు ఒకే ఒక్క చైనా అక్షరంలో నమోదు చేయించాలి. అక్షరంలో కుడి సగం ఎలా పలకాలో చెబుతుంది, ఎడమ సగం దేనికి సంబంధించినదో చెబుతుంది. ఆ ఎడమ సగాన్ని బట్టే పిల్లల్ని బళ్లలో వేరుచేస్తారు: చెట్టు ఉంటే పొలానికి, నిప్పు ఉంటే బట్టీకి.

పాప పేరు లీల. "లీ" అని పలికే కుడి సగాన్ని తండ్రి భార్గవ్ ఉంగరంతో బియ్యంలో గీసేశాడు.

"ఎడమ పక్క లోహం పెడుతున్నా. బ్యాటరీల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయం."

"నీళ్లు పెట్టరా. మన కాకినాడ రేవుందిగా," అంది అతని తల్లి కనకరత్నం.

పావని ఒళ్లో పాపని సర్దుకుంది. భర్త చేతిలోంచి ఉంగరం తీసుకుని ఎడమ పక్కన చిన్న చదరం గీసింది.

"అదేంటే, కిటికీయా?"

"నోరు, అత్తయ్యా. ఇది ఉత్త పిలుపే, వేరే అర్థం వెతక్కండి అని చెప్పాలంటే చైనావాళ్లూ నోరే పెడతారట."

తెర ఎర్రబడింది. "ఏ వరుసలో చేర్చాలి?" అని అడిగింది.

"చెరిపెయ్ పావనీ, దీనికి ఏ బళ్లోనూ చోటివ్వరు," అంటూ భార్గవ్ చెయ్యి చాపాడు.

పావని పళ్లెం పక్కకి జరిపి, పాప చెవి దగ్గర "లీలా" అంది. పాప తల కొద్దిగా ఇటు తిప్పింది.

"పిలిస్తే పలుకుతుంది," అంది పావని తెరతో. "ఇప్పటికి అది రాసుకోండి."