మూడో గది మీటరు

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

"మీటర్, బిడ్డా!"

జనవరిలో మొదటి శుక్రవారం. మహూజ్‌లోని ఆ పాత ఇంట్లో మూడు గదులు, మూడు చిన్న మీటర్లు. కరెంటు బిల్లు మాత్రం ఇంటి మొత్తానికి ఒక్కటే. ఏ గదిది ఎంతో తేల్చేది మూడో గదిలో ఉండే ఇస్హాఖ్ భాయ్. జగిత్యాల మనిషి. చెవి మీద పెన్సిలు, చంకలో రిజిస్టరు. ఆయనకంటే ముందు ఆయన అత్తరు వాసన వచ్చేది.

వీరలక్ష్మి మూడు నెలల పాపను భుజాన వేసుకుని తలుపు తీసింది. వెనకాల హీటరు ఎర్రగా కాలుతోంది.

ఆయన గుమ్మం పైనున్న మీటరు మీద టార్చి వేసి అంకె రాసుకున్నాడు. తర్వాత పాప వైపు చూశాడు.

"నాకు నలుగురు పిల్లలు. ఒక్కల్నన్న గింతున్నప్పుడు ఎత్తుకోలె. ముప్పై ఏండ్లాయె దుబాయి వచ్చి."

"ఇది బహ్రెయిన్ కదండీ, భాయ్ గారూ!"

"ఇల్లిడిసి వస్తె అన్నీ దుబాయే బిడ్డా."

వీరలక్ష్మికి నవ్వు రాలేదు. ఆమె భయం ఆమెది.

ముందురోజే ఆమె మొగుడు లోవరాజు, టైల్స్ మేస్త్రి, వాకిట్లో నిలబడి అందరూ వినేలా చెప్పాడు. "నువ్వు పనికెళ్ళడం మానేసి నాలుగు నెల్లయ్యింది. కరెంటు పది దీనార్లు దాటిందంటే ఇంక నావల్ల కాదు. టికెట్టు తీసేస్తాను. నువ్వూ పాపా ద్రాక్షారం పోదురుగాని."

పాపకి జలుబు. గది వెచ్చగా ఉంచమంది డాక్టరమ్మ.

"భాయ్ గారూ," వీరలక్ష్మి గొంతు తగ్గించింది. "పది దాటకుండా ఎలాగోలా రాసెయ్యండి. మీ పేరు చెప్పుకుని ఉంటాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీటరు అబద్ధం చెప్పది బిడ్డా. ఎంతుంటె గంతే."

రిజిస్టరు ఆమె ముందుకు చాపాడు. "కొత్త అంకెలకెల్లి పాత అంకె తీసెయ్. నువ్వే చూస్కో."

"ఆ లెక్కలు మాకెందుకు లెండి." విసురుగా తలుపేసుకుంది.

సాయంత్రం మెట్ల దగ్గర కాగితం అంటించాడు. ఆమె గుండె చిక్కబట్టుకుని చూసింది.

రెండో గది: 340 యూనిట్లు. తొమ్మిది దీనార్ల ఎనిమిది వందల అరవై ఫిల్సు.

వెయ్యి ఫిల్సులైతే దీనారు. పది దాటలేదు!

అద్లియాలో ఒక హోటల్లో వంటచేసే ముత్తెమ్మది ఒకటో గది. ఆవిడా వచ్చి కాగితం చదివింది.

"నాకు రెండున్నర. మూడో గదికి ఆరు! ఒంటి మనిషికి ఆరు దీనార్ల కరెంటా తల్లీ? హీటరు పక్కన కాళ్ళు చాపుకుని పడుకుంటాడు కామోసు."

"మనకి మాత్రం నీతులు చెబుతారు అత్తా."

"అంత హీటరు పెట్టుకుని ఆ దగ్గేమిటో మరి!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫిబ్రవరిలోనూ పది దాటలేదు. మార్చిలోనూ దాటలేదు. లోవరాజు టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. తను పొదుపుగా వాడబట్టే అనుకుని వీరలక్ష్మి మురిసిపోయింది.

మార్చి నెలాఖరున ఇస్హాఖ్ భాయ్ వీసా ఖలాస్ అయింది. వెళ్ళేరోజు ఆమె గడప దగ్గర కాసేపు నిలబడ్డాడు. పాపకి పాలు పడుతున్నానని ఆమె లోపలినుంచే చెప్పింది.

వేసవిలో మీటర్లు చూసేవాళ్ళు లేక ఏసీల బిల్లు అందరూ సమంగా పంచుకున్నారు. వీరలక్ష్మి మళ్ళీ పనికి వెళ్తోంది. పాప అన్నం తిననని మారాం చేస్తే గిన్నె మీద మూడు దెబ్బలు కొట్టి, గొంతు బొంగురు చేసి "మీటర్, బిడ్డా!" అనేది. పాప కిలకిలా నవ్వి నోరు తెరిచేది. అలా అన్నప్పుడల్లా ఎక్కడినుంచో అత్తరు వాసన వచ్చినట్టుండేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. మూడో గదిలోకి కొత్తగా వచ్చిన రామ్‌ప్రసాద్ చేతికి మీటర్ల పని వచ్చింది. ఒక నెల అంకెలు రాసిపెట్టుకుని, మరుసటి నెల లెక్క తేల్చాడు.

"రెండో గది, ఐదు వందల ఇరవై యూనిట్లు. పదిహేను దీనార్ల ఎనభై ఫిల్సు అక్కా."

వీరలక్ష్మి బిత్తరపోయి మొగుడి వైపు చూసింది. పాప అతని మోకాళ్ళు పట్టుకుని నిలబడి "నాన్నా" అంటోంది.

"పదిహేనైతే పదిహేను," అన్నాడు లోవరాజు, పాపని ఎత్తుకుంటూ. "ఇది లేకపోతే నేను కొంపకొచ్చేదెందుకు?"

అయినా ఆమె ఊరుకోలేదు.

"పోయినేడాదీ ఇదే హీటరు తమ్ముడూ. ఎప్పుడూ పది దాటలేదు. సరిగ్గా చూడు."

రామ్‌ప్రసాద్ పాత రిజిస్టరు తెచ్చి జనవరి పేజీ తీశాడు. "ఇవిగో అక్కా, భాయ్ రాసిన మీటరు అంకెలు. మీరే తీసేసి చూసుకోండి."

కేలెండరు వెనకాల ఆమె మొదటిసారి ఆ తీసివేత వేసింది.

18742 లోంచి 18212 తీస్తే 530.

పక్కన ఇస్హాఖ్ భాయ్ వేసిన యూనిట్లు 340.

మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే.

"అంకెలు నిజమే రాశాడక్కా. యూనిట్లే మార్చాడు. మిగతా నూటతొంభై తన గదిలో కలిపేసుకున్నాడు," అన్నాడు రామ్‌ప్రసాద్. "అసలు ఆ గదిలో హీటరు పెట్టుకునే ప్లగ్గు కూడా లేదు."

వీరలక్ష్మి ఫోను అందుకుని ఆయన ముత్తెమ్మకి ఇచ్చి వెళ్ళిన నంబరు కలిపింది. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదంది అవతల గొంతు.

ఆమె మళ్ళీ పెన్సిలు తీసి, మూడో గది వరసలో కొత్త అంకెలోంచి పాత అంకె తీసేసింది.

ముప్పై ఏళ్ళ దుబాయి తర్వాత, ఆ చలి నెలంతా, ఇస్హాఖ్ భాయ్ తనకోసం కాల్చుకున్నది పన్నెండంటే పన్నెండు యూనిట్లు.