వెండి రెక్కల బొమ్మ

ఉద్యోగపు ఇంటర్వ్యూల నల్లసూటులోనే వచ్చిన కురామోచి, కాలేజీలో యానిమే అనే జపాన్ కార్టూన్ కథల క్లబ్ గదిలో తన బొమ్మలన్నీ బల్లమీద పెట్టి, "ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోండి" అన్నాడు. నిన్నటిదాకా వేలు తగిలినా కసిరేవాడు.

జూనియర్లు ఎగబడ్డారు. "ఉద్యోగం వచ్చేసిందా సెంపాయ్? లేకపోతే పెళ్లా?" అని తమ సీనియర్‌ని ఆటపట్టించారు. అతను నవ్వుతూ తన టీ కప్పు కడిగి, తుడిచి, చెత్తబుట్టలో వేశాడు.

రెండో ఏడాది చదివే చిజురుకి వెండి రెక్కల యోధురాలు దక్కింది. ఆ యోధురాలి యానిమే కథంటే కురామోచికి ప్రాణం. హైస్కూలు నాటినుంచీ చూస్తున్నాడు. "దీని ముగింపు చూడకుండా చచ్చేది లేదు" అనేవాడు.

"ఎల్లుండే కదా ఆఖరి భాగం. అందరం ఇక్కడే చూద్దాం సెంపాయ్," అంది చిజురు.

"నువ్వు చూడు. నా బదులు కూడా నువ్వే చూసెయ్."

చుట్టూ ఇంకా నవ్వులు, తోపులాట. చిజురు మాత్రం ఆ బొమ్మను తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఇది చాలా బరువుగా ఉంది. కోఎంజిలో మా ఇంటిదాకా మీరే మోసుకురావాలి. ఇప్పుడే వెళ్దాం."

గుప్పిట్లో ఇమిడే బొమ్మ అది. రైలెక్కాక కూడా ఆమె అతని నల్లకోటు చేతిని వదల్లేదు.